తేడా సూడు, తర్వాత కలుపు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసేసరికి నేను ఆయన మీద మంచి కోపంలో ఉన్నాను. బావ అంటే అక్క భర్త. అనకాపల్లిలో పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు, మిగిలిన టైమంతా నాటికలు రాసేవాడు. ఆ పొద్దున్నే నాకొక మెసేజ్ పెట్టాడు: "మళ్ళీ నా ముసల్దాని మాటల్లో వేలెట్టేవు. సాయంత్రం రా, తేల్సుకుందాం." ఏమేం అనాలో నేను మనసులో సిద్ధం చేసుకుంటున్నాను కూడా. మధ్యాహ్నం గుండెల్లో నొప్పన్నాడట, ఆటో ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది. ఏడవాలో, ఆ దెబ్బలాట ఇంకెవరితో ఆడాలో తెలియక స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను.

నేను మాకవరపాలెం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారిని. ఇంట్లో కూడా పుస్తకంలా మాట్లాడతానని బావ ఎగతాళి చేసేవాడు. ఆయన రాసిన ప్రతి నాటికనూ దిద్దే పని నాదే. దిద్దానని నేనంటాను, పాడు చేశానని ఆయనంటాడు. ఆఖరిది, వలలు ఆరబెట్టుకునే ఇసుక దిబ్బ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే ఒక ముసలమ్మ కథ. ఆయన దగ్గర ఒక ఫైలు, నా దగ్గర ఒక ఫైలు. ఆయన అక్కడ మార్చేవాడు, నేనిక్కడ మార్చేవాణ్ణి, వారం తిరిగేసరికి ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు.

"ఆన్‌లైన్లో ఒకే ఫైలు పెట్టుకుంటే ఇద్దరం అందులోనే దిద్దుకోవచ్చు కదా బావా, లోకమంతా అలాగే చేస్తోంది" అని మొత్తుకునేవాణ్ణి.

"ఒకే కంచంలో ఇద్దరు తింతే ఎవడెంత తిన్నాడో ఏటి తెలుత్తాది బావా? ముందు తేడా సూడు, తర్వాత కలుపు" అనేవాడు. తేడా చూడకుండా కలిపితే పాలల్లో మజ్జిగ పోసినట్టేనట.

సరే, చూపించమంటే కంప్యూటర్లో కమాండులు కొట్టే ఆ నల్ల తెర తెరిచేవాడు. మౌస్ ముట్టుకోడు. డిఫ్ అని కొట్టి, పక్కన ఆయన ఫైలు పేరు, నా ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, తేడా ఉన్న లైన్లు మాత్రమే గబగబా వచ్చి పడేవి. ముందు బాణం గుర్తు ఎడమకి తిరిగి ఉంటే ఆయన లైను, కుడికి తిరిగి ఉంటే నాది. తేడా ఏమీ లేకపోతే అది ఒక్క ముక్క అనదు, ఊరుకుంటుంది. "సూసేవా, తేడా నేకపోతే నోరిప్పదు. మీ అక్కలాగ కాదు" అని నవ్వేవాడు బావ. వంటింట్లో గరిటె చప్పుడు పెరిగేది. పైగా ఆ దిక్కుమాలిన తెరమీద తెలుగు సరిగా పడేది కాదు. ఒత్తులు అక్షరం కింద ఒదిగి కూర్చోకుండా పక్కన లేచి నిలబడేవి. తెలుగు మాస్టారికి అంతకన్నా శిక్ష ఉంటుందా?

ఒకసారి నేను రెండే రెండు మాటలు మార్చి పంపితే, నాటిక మొత్తం మొదటి లైను నుంచి చివరి దాకా తేడాయేనని చూపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావ తీరిగ్గా టీ తాగి, నా కంప్యూటరు ప్రతి లైను చివరా కంటికి కనపడని గుర్తు ఒకటి తగిలిస్తోందని చెప్పి, దాన్ని పట్టించుకోవద్దని కమాండుకి ఇంకో ముక్క జోడించాడు. నిజంగానే రెండు మాటలే మిగిలాయి. "సూడ్డానికి ఒకేలాగున్నా అది తేడా అంతందంటే ఊరికే అనదు బావా. తోక ఎక్కడో ఉంటాది" అన్నాడు. ఈ మాట మొదటే చెప్పొచ్చుగా! చెప్పడు. నా మొహం చూసి కాసేపు ఆనందించాక చెబుతాడు.

తాను చేసినవి మాత్రం తప్పులు కావు. పల్లె మాట పల్లె మాటలాగే వినపడాలని, ఓ రోజు ఒకే ఒక్క కమాండుతో ఫైలులో ఉన్న చ లన్నీ స లు చేసిపారేశాడు. ముసలమ్మ నోట్లో "సేప", "సెప్పు" బాగానే కుదిరాయి. కానీ "వచ్చింది" కాస్తా "వస్సింది" అయి కూర్చుంది. అటు రోలుగుంట కొండల నుంచి ఇటు సముద్రం దాకా ఆ మాట అనేవాడు ఒక్కడు లేడు. అంతకన్నా ఘోరం, ఇస్త్రీ చొక్కా తహసీల్దారు "సట్ట ప్రకారం సర్య తీసుకుంటాం" అంటున్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. బావ ఒక్క క్షణం తెర వైపు చూసి, "ఏం, తాసిల్దారు మా ఎస్. రాయవరంలో పుట్టకూడదేటి?" అన్నాడు. ఆయనది అటువైపు సముద్రపు ఊరు, వాళ్ళ నాన్న వేటకెళ్ళేవాడు. "వస్సింది"ని దిద్దడానికి ఒప్పుకున్నాడు గానీ తహసీల్దారుని మాత్రం వదల్లేదు.

కలిపే రోజు ఇంకా గొడవ. రెండు ఫైళ్ళనూ పక్కపక్కన చూపించి, ఒక్కో తేడా దగ్గర ఆగి ఏది ఉంచాలో అడిగే కమాండు ఇంకోటి ఉంది, ఎస్‌డిఫ్ అని. ఎల్ కొడితే ఎడమది, ఆర్ కొడితే కుడిది. ఉంచిన లైన్లన్నీ మూడో ఫైలులోకి పోతాయి. ఎడమ ఎప్పుడూ బావదే, మేమిద్దరం కూర్చునే బెంచీ మీద కూడా. లైను లైనుకీ తగువే. మా అరుపులకి అక్క వంటింట్లోంచి "ఏటంతన్నాడ్రా మీ బావ?" అని అడిగేది. నేను ఫిర్యాదు చేసేవాణ్ణి. ఆవిడ తీర్పు ఏనాడూ ఇచ్చిన పాపాన పోలేదు.

అన్నిటికన్నా పెద్ద తగువు నాటిక ఆఖరి మాట దగ్గర. పని జరగలేదని తెలిశాక ముసలమ్మ తహసీల్దారుకి దణ్ణం పెట్టి "వత్తాను బాబూ" అని వెళ్ళిపోతుంది. నేను "వస్తాను బాబూ" అని మార్చాను. పోటీలకొచ్చే జడ్జీలు ఎక్కడెక్కడి వాళ్ళో, వత్తాను అంటే ఒత్తుతాను అనుకుంటారని నా భయం.

"అనుకోనీ" అన్నాడు బావ. "ఒత్తితే తాసిల్దారు పీకే కదా ఒత్తుతాది."

నవ్వొచ్చింది, కానీ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి మళ్ళీ మార్చాను. ఆఖరి రోజు మెసేజ్ దాని గురించే.

ఇంత విసిగించిన మనిషికి నేనెంత రుణపడ్డానో కూడా చెప్పాలి. ఒకప్పుడు అనకాపల్లికి మకాం మార్చాలా వద్దా అని నాకూ మా ఆవిడకీ మాటలు లేకుండా పోయాయి. బావ వచ్చి ఆవిడ చెప్పింది విడిగా, నేను చెప్పింది విడిగా విన్నాడు. "మీ ఇద్దరికీ ఒక్క లైనే తేడా. పిల్లకి బడి ఎక్కడన్నదొక్కటే. దానికి ఇల్లంతా ఎందుకు తగలెట్టుకుంతారు?" అన్నాడు. ఆ ఒక్క లైనూ మాట్లాడుకున్నాం, ఆ పూటే ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. ఆ ఒక్క పూటకి ఆయన ఎన్ని తిట్టినా క్షమించాను.

పెద్దకర్మ మర్నాడు, ముసలమ్మ వేషం వేసే ఆవిడ వచ్చింది. పోటీలు దగ్గర పడుతున్నాయి. "మాస్టారూ, కాపీలు రెండున్నాయంట కదా. ఏది కంఠతా పట్టమంతారు? ఆకరి మాట తెలీకుండా టేజీ మీంచి ఎలా నడిసెల్లాలో నాకు తెల్దు" అంది.

బావ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెలియకుండానే కుడి పక్కన కూర్చున్నాను. ఎస్‌డిఫ్ కొట్టి మొదలుపెట్టాను. పోయినవాడు కదా అని ఎక్కడా వదల్లేదు, అలా వదిలితే మొదట ఆయనకే కోపం వస్తుంది. ఆయన మాట బాగున్నచోట ఎల్, నాది బాగున్నచోట ఆర్. "సట్ట ప్రకారం సర్య" దగ్గర ఆగాను. "ఇది మాత్రం ఒప్పుకోను బావా" అని పైకే అనేసి, గట్టిగా ఆర్ కొట్టాను. ఎదురు సమాధానం లేకపోయేసరికి ఒళ్ళు మండింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచినందుకు ఇంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు.

ఆఖరి తేడా వచ్చింది. ఎడమ వత్తాను, కుడి వస్తాను. ఆ పాడు తెరమీద ఎడమ పక్క మాటలో ఒత్తు ఎప్పటిలాగే త కింద కూర్చోకుండా, బయల్దేరడానికి లేచిన మనిషిలా పక్కన నిలబడి ఉంది.

నా గొంతు విని కాబోలు, వంటింట్లోంచి అక్క అలవాటు చొప్పున అడిగేసింది. "ఏటంతన్నాడ్రా మీ బావ?"

అడిగాక ఆవిడకీ తెలిసింది. గరిటె చప్పుడు ఆగిపోయింది.

"వత్తానంతన్నాడక్కా" అన్నాను.

ఎల్ కొట్టాను. తెర ఇంకేమీ అడగలేదు.