నెలనెలా వాయిదా

ఆ రోజుల్లో కాగితం అంటే నాకు పకోడీలు పొట్లం కట్టేదే. అందులో ఏం రాసుందోనన్న బెంగ ఉండేది కాదు. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నా, అప్పట్నుంచీ ప్రతి కాగితానికీ భయమే. ఈ సంగతి మాత్రం భయం లేనప్పటిది. తొంభైల్లో, నాకింకా ముప్పై నిండలేదు.

జగ్గయ్యపేట దగ్గర రోడ్డు పక్కన పెంకుటిల్లు మాది. మా ఆయన సున్నపురాయి క్వారీలో టిప్పరు తోలేవాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంటికి దొడ్డి లేదు కాబట్టి నా భుజం పట్టుకుని రోడ్డు దాటి కంపచెట్ల చాటుకి వెళ్ళాలి. ఒకసారి లారీ హారనుకి బెదిరి రోడ్డు మీదే పడింది. ఆ రోజు నుంచీ ఒకటే కోరిక, ఇంటి వెనక మరుగుదొడ్డి. "పోయేలోగా గోడ చాటున కూచోవాలే అమ్మాయ్" అనేది, కాశీకి పంపమన్నట్టు.

ప్రభుత్వం హామీ ఉంటే బ్యాంకువాళ్ళు ఇళ్ళకి అప్పులిస్తున్నారని, అదీ ఆడవాళ్ళ పేరు మీదేనని తెలిసి అత్తా నేనూ నందిగామ బస్సెక్కాం. (పేరు నాది కదా, మా ఆయన్ని రావద్దన్నా. అంత మిడిసిపాటు.) అప్పులిచ్చే ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలు ముందు పెట్టాడు. ఒకటి మరమ్మతు అప్పు. చిన్నది, ఉన్న ఇల్లు బాగుచేసుకుని దొడ్డి కట్టుకోవచ్చు, నాలుగైదు దఫాల్లో తీరిపోతుంది. రెండోది కొత్తింటి అప్పు. పాతది పడగొట్టాలి, పునాదికి కొంత, గోడలకి కొంత, స్లాబుకి కొంత ఇస్తారు. "పన్నెండేళ్ళు నెలనెలా వాయిదాలుంటాయమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు.

అత్త మొదటిదే చాలంది. నా చూపు స్లాబు మీదుంది. మా చెల్లెలు స్లాబింట్లో చేరి అప్పటికి ఆర్నెల్లయింది మరి. వాయిదాలన్నాడు విన్నావా అని అత్త చెవిలో ఊదా. మాకు తెలిసిన వాయిదా ఒక్కటే, నందిగామ కోర్టుది. పొలం గట్టు తగాదాలో ముందు మా మామ, ఆయన పోయాక అత్త, పద్నాలుగేళ్ళు ఆ కోర్టు చుట్టూ తిరిగారు. వెళ్ళినప్పుడల్లా ప్లీడరు గారు వాయిదా పడిందనేవాడు, వీళ్ళు ఇడ్లీ తిని వచ్చేసేవాళ్ళు. అత్త మొహం వెలిగింది. "నెలకోసారి వచ్చి, పేరు పిలిస్తే పలికి పోవడమేగా. వాయిదా అంటే నాకు తెలీదా. ఎయ్యవే ఏలు" అంది. వేశా. ఇంత సంతోషంగా అప్పు చేసినవాళ్ళని తానెప్పుడూ చూళ్ళేదన్నాడు గుమాస్తా.

ఇల్లు పడగొట్టి, పెంకులమ్మేసి, పక్కింటి బూబమ్మ వసారాలో చేరాం. (ఆవిడ లారీ మెకానిక్కు భార్య. వాళ్ళకీ దొడ్డి లేదు.) గోడలు లేచాయి. మొదటి వాయిదా రోజున అత్త కోర్టుకి కట్టుకెళ్ళే అంచుచీర కట్టుకుని ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ పేరు పిలవలేదు. చివరికి గుమాస్తానే వచ్చి ఎంత తెచ్చారని అడిగాడు.

"ఏం తేవాలయ్యా? వాయిదాకొచ్చాం" అంది అత్త.

"వాయిదా కట్టడానికేగా వచ్చింది?"

"వాయిదా పడుద్దిగానీ, కడతారా ఎక్కడన్నా?"

ఆఫీసంతా నవ్వింది. ఎందుకో తెలీక మేమూ నవ్వాం. పాపం ఆయన నెలనెలా ఎంత కట్టాలో వేళ్ళు మడిచి చెబితే అప్పుడర్థమైంది నాకు. అత్త మాత్రం బస్సెక్కాక కూడా ఒప్పుకోలేదు. ఆ ఆఫీసువాళ్ళకే తెలుగు సరిగ్గా రాదంది.

పాత వాయిదాలు కడితేగానీ స్లాబు డబ్బు రాదన్నారు. మా ఆయన జీతం తిండికే చాలీచాలకుండా ఉంది. గోడలు అలాగే వానలో నిలబడ్డాయి. రోజూ అదే రోడ్డు, అదే భుజం, అవే కంపచెట్లు, పైగా బురద. అత్త నన్నొక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది. ఆ వానల్లోనే జ్వరం పట్టుకుని నాలుగో రోజున బూబమ్మ వసారాలో పోయింది.

మా ఇంటి మనిషేగా, ఇక్కడే ఉంచమంది బూబమ్మ. మా ఆయన పెదనాన్న పరాయింట్లో వద్దన్నాడు. అలాగని గృహప్రవేశం కాని ఇంట్లోకి శవాన్ని తీసుకెళితే ఆ ఇల్లు అచ్చిరాదనీ ఆయనే అన్నాడు. మగాళ్ళ మధ్యకెళ్ళి మాట్లాడటం నాకదే మొదలు.

"ఆవిడిల్లు మావయ్యా అది. ముందు ఆవిడే అడుగుపెడుద్ది."

తలుపు లేని గుమ్మంలోంచి తీసుకెళ్ళి పడుకోబెట్టాం. కప్పు లేదుగా, పైన టార్పాలిన్ పట్టారు. పక్కల నుంచి కొట్టే చినుకుల్ని ఆవిడ మొహం మీంచి కొంగుతో తుడుస్తూ కూర్చున్నా.

చదువు లేక, తెలియక చేశానని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకున్నా. వాయిదా దగ్గర నవ్వేవాళ్ళు, తర్వాత పాపం అనేవాళ్ళు. అక్షరాలొచ్చాక ఆ అప్పు కాగితం నేనే కూడబలుక్కుని చదివా. నన్ను మోసం చేసిన మాట అందులో ఒక్కటీ లేదు. ఉన్నమాట చెబుతున్నా, ఆ రోజు నాకు చదువొచ్చి ఉన్నా స్లాబే అడిగేదాన్ని. దొడ్డి ఆవిడకి కావాలి, స్లాబు నాకు కావాలి. అంతే. అప్పు చేసి తిరిగొచ్చేటప్పుడు, టికెట్టడిగిన కండక్టరుకి మేం స్లాబేస్తున్నామని చెప్పిన ఆ పిల్లదాన్ని, అప్పటి నన్నే, ఇప్పటికీ తిడదామనే కూర్చుంటా. దాని మొహం గుర్తొచ్చి నవ్వొచ్చేస్తుంది.