అరిగిన సాన

రాళ్ళు మనుషుల జాతకాలు మార్చవని కడప వీధుల్లో మైకు పట్టుకుని వాదించినవాణ్ణి నేను. కువైట్‌లో ఉంగరాలకు రాళ్ళు సానపట్టి బతికాను. ఇందులో వింతేమీ లేదు. రాయిని వేలికి పెట్టుకునేవాడు దాని మహిమ గురించి చెబుతాడు. అరగదీసేవాడికి తెలిసింది వేరు. రాయి గట్టిగా ఉంటుంది, లేదంటే పగులుతుంది. మూడో గుణం నాకెక్కడా కనబడలేదు.

షువైఖ్‌లో లారీల షెడ్ల వెనక మా దుకాణం. పనివాళ్ళం ఇద్దరం. రెండో ఆయన రాయచోటి భాయి. నాకంటే పెద్దవాడు, ఐదు పూటలా నమాజు చేసేవాడు. నన్ను "నాస్తికుడా" అనే పిలిచేవాడు. "ఏం నాస్తికుడా, టీ తాగుతావా, దానికీ రుజువు కావాలా?" అనేవాడు. మహిమల దగ్గర మా ఇద్దరికీ పడేది కాదు. సానల దగ్గర ఎప్పుడూ తేడా రాలేదు.

మా పనంతా సానను ఎంచుకోవడంలోనే ఉంది. ఇనుప చక్రం అంచుకు వజ్రపు పొడి అతికించి ఉంటుంది. గరుకు సాన మీద రాయికి ఆకారం తీస్తాం, సన్న సానల మీద గీతలు పోగొడతాం, చివర తోలు మీద మెరుగు పెడతాం. కొత్త గరుకు సాన ఆకలి మీదున్న కుక్క. నిబ్బరమైన రాయికి అదే కావాలి. లోపల పగులున్న రాయిని దానికి ఆనిస్తే ముక్కలు చేసి విసిరేస్తుంది. అటువంటి రాయికి బాగా వాడి అరిగిపోయిన గరుకు సానే దిక్కు. అందుకే భాయి అరిగినవాటిని పారేసేవాడు కాదు. గోడకు మేకులు కొట్టి తగిలించేవాడు. చూడవచ్చినవాళ్ళు తుక్కు దుకాణమా ఇది అని నవ్వేవాళ్ళు.

ఇరాక్ సైన్యం వచ్చిన వెంటనే మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఇంటివాళ్ళను కారెక్కించుకుని సౌదీకి పోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. తర్వాత సైనికులు లారీతో వచ్చి కొత్త సానల పెట్టెలు, సన్న సానలు, మోటార్లు, తూకం, గోడకున్న కూలర్‌తో సహా ఊడబెరికి తీసుకుపోయారు. నేలకు బిగించిన ఒక్క యంత్రం కదల్లేదు. దాని మీదున్న కొత్త సాన మిగిలింది, గోడ మీది అరిగినవి మిగిలాయి. ఎదురుగా టైర్ల షెడ్డు కాపలావాడు తాళంచెవి ఇవ్వనన్నాడని గుమ్మంలోనే కాల్చారు. శవం ఎండకు ఉబ్బేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ వాసనలోనే మేం రొట్టె తిన్నాం.

ఒక పొద్దున అధికారి ఒకడు ఇద్దరు సైనికులతో లోపలికి వచ్చాడు. వెండి ఉంగరం, అందులోంచి ఊడిన ఎర్రటి అకీకు రాయి బల్ల మీద పెట్టాడు. అంచు చెక్కు లేచింది. అరగదీసి మళ్ళీ ఉంగరంలో కూర్చోబెట్టాలి. నేను రాయిని వెలుగుకు పెట్టి చూశాను. లోపల వెంట్రుకంత పగులు. అరబ్బీ బాగా వచ్చింది భాయికే. పగులుందని చెప్పాడు.

అధికారి ఏదో అని సైగ చేశాడు. సైనికులు భాయి కుడిచెయ్యి మెలిపెట్టి యంత్రం పక్కన బల్లకు అదిమిపెట్టారు.

"రాయి పగిలితే నా చెయ్యి చక్రానికి ఆనిస్తాడంట" అన్నాడు భాయి. రేపు వాన పడుతుందంట అన్నట్టే చెప్పాడు.

నేను గోడ దగ్గరికి పోయి బాగా అరిగిన సాన ఒకటి తీశాను. అధికారి పిస్తోలు మడమ నా చెవి మీద పడింది. కింద పడ్డాను. బూటుతో పక్కలో తన్నాడు.

"మంచిది యంత్రం మీదుండగా తుక్కు ఎందుకు తెస్తాండావు, దొంగపని చేస్తాండావా అని అడుగుతాండాడప్పా" అన్నాడు భాయి.

"ఒట్టు వేసి చెబితే వీడు నమ్మడు. కళ్ళతో చూడమను. పరీక్ష చేద్దామను" అన్నాను.

భాయి చెప్పాడు. అధికారి నన్ను చూసి "జర్రిబ్" అన్నాడు. చేసి చూపించు అని.

చెత్త డబ్బాలోంచి పగులున్న అకీకు ముక్క తీసి రెండు చేశాను. రెండింటిలోనూ పగులుంది. ఒకదాన్ని కొత్త సానకు ఆనించాను. చిట్లింది. పెచ్చు ఎగిరి ఒక సైనికుడి చెంప కోసింది. వాడు ఆ కోపం భాయి వీపు మీద తుపాకీ మడమతో తీర్చుకున్నాడు. నేను సాన మార్చి, నీళ్ళు చుక్కలుగా పడేట్టు చూసి, రెండోదాన్ని ఆనించాను. నెమ్మదిగా అరిగింది. చెక్కు లేవలేదు. అధికారి వెలుగుకు పెట్టి తిప్పితిప్పి చూసి తల ఊపాడు. అరిగిన సాన గెలిచింది. నా చెవిలోంచి రక్తం కారుతున్నా ఆ క్షణం నాకు గర్వంగానే ఉంది.

అధికారి రాయిని లక్కతో కర్రకు అంటించి ఆ అరిగిన సాన మీదే ఆకారం తీశాను. సన్న సానలన్నీ దోచుకుపోయింది వాళ్ళే కాబట్టి తోలు మీదే మెరుగు పెట్టాను. భాయిని వదిలారు. రాయిని పట్టి ఉంచే ఉంగరం పళ్ళు ఆయనే నొక్కి బిగించాడు. రాయి నిక్షేపంగా కూర్చుంది.

అధికారి సంతోషించి ఏదో కథ చెప్పాడు. ఆ రాయి వాళ్ళ తాతదట. వేలికి ఉన్నవాణ్ణి తూటా చంపదట.

"మరి తాత ఎట్ల పోయినాడో అడుగు భాయ్."

"నోరు మూసుకో నాస్తికుడా. చెయ్యి నాది."

మా మొహాలు చూసి అధికారికి ఏం అర్థమైందో. ఉంగరాన్ని భాయి చిటికెన వేలికి తొడిగాడు. సైనికులు మళ్ళీ ఆ చేతినే బల్లకు అదిమారు. అధికారి నా వైపు తిరిగి, పాఠం అప్పజెప్పేవాడిలా, "జర్రిబ్" అన్నాడు. కాల్చాడు.

చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. సాన నీళ్ళలో రక్తం పడి బల్లంతా పారింది. భాయి మోకాళ్ళ మీద కూలబడి గాలి కోసం నోరు తెరిచాడు. అధికారి ఉంగరం లాగి, భాయి చొక్కాకే తుడిచి, నా కళ్ళ ముందు పెట్టాడు. రాయి పగల్లేదు, మనిషి చావలేదు, చూశావా అన్నాడు. ఆ మాత్రం అరబ్బీ నాకూ అర్థమైంది.

గుండెను వదిలి చేతికి గురిపెట్టినవాడు, చావలేదు చూడమంటున్నాడు. సాన సంగతిలో కళ్ళతో చూసి ఒప్పుకున్నవాడే, రాయి సంగతి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. పరీక్షది తప్పు కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. జవాబు ముందే రాసుకుని తుపాకీ పట్టుకున్నవాడికి ఏ పరీక్షా చాలదు.

తర్వాత కాందిశీకులతో కలిసి ఇరాక్ మీదుగా వచ్చిపడ్డ జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో భాయి కట్టు విప్పి ఈగలు తోలుతూ కూర్చునేవాణ్ణి. కువైట్‌లోనే అమ్ఘరా తుక్కు యార్డులో పనిచేసిన కడప మనిషి ఒకడు పక్క చాప మీద ఉండేవాడు. బొట్టు చెరగనివ్వని మనిషి. జరిగింది మొత్తం నా నోటే విన్నాడు. విని, భాయి దగ్గరికి జరిగాడు.

"అయినా అన్నా, అంత దగ్గర్నుంచి కాల్చినా ప్రాణం నిలిచిందంటే రాయిలో ఏదో ఉండాదన్నా. అట్లాంటిది యాడ దొరుకుతుంది?"

నాకు ఒళ్ళు మండి లేవబోయాను. భాయి ఎడమచేత్తో నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"దొరుకుతుందప్పా" అన్నాడు వాడితో. "ముందు రెండు వేళ్ళు ఇచ్చి రా."