విమలకుమారి నడిపిన ఇల్లు

డయాలిసిస్ సెంటర్‌లో విమలకుమారి ఉద్యోగానికి అది చివరి రోజు. తోటి నర్సులు బెలూన్లు కట్టి కేక్ కోశారు. పేషెంట్లందరూ ఒక చెయ్యి మెషీన్‌కి అప్పగించి కూర్చున్నారు కనుక, రెండో చేత్తో కుర్చీని తట్టి చప్పట్ల లోటు తీర్చారు. కిటికీ పక్క కుర్చీలో ఉండే లాయిడ్ మాత్రం తట్టలేదు. మొహం అటు తిప్పుకుని, “రేపట్నుంచి నాకు సూది ఎవరు గుచ్చుతారు?” అని అడిగాడు.

లాయిడ్ పాల ట్యాంకర్ నడిపి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు ఆ కుర్చీలోనే. ఆ నాలుగు గంటలూ అతను చెప్పే కబుర్లలో సగం తన మోటార్‌హోమ్ గురించే. డెబ్భై నాలుగో సంవత్సరం మోడల్. వంటిల్లు, పడకలు, బాత్రూమ్ అన్నీ బండిలోనే. కిడ్నీలు పాడైన దగ్గర్నుంచీ అది కొట్టం వెనక పడి ఉంది. విమలకుమారి ఊఁ కొడుతూ మెషీన్లు చూసుకునేది తప్ప, ఆ బండి సంగతి ఎప్పుడూ అంతగా పట్టించుకోలేదు.

ఆమెది బాపట్ల. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, పెళ్ళయ్యాక భర్త దైవాశీర్వాదంతో అమెరికా వచ్చి ఇల్లినాయ్‌లో స్థిరపడింది. ఆయన రంగుల కంపెనీలో కెమిస్టు. ఆమెకంటే ముందే రిటైరై, తెలుగు చర్చిలో సంఘపెద్దగా ఉన్నారు. కూతురు పర్సిస్ దగ్గర్లోని నేపర్‌విల్‌లో పిల్లల డాక్టరు. ఇన్నేళ్ళ కాపురంలో అమెరికాలో విమలకుమారి చూసిందేమిటని అడిగితే ఆసుపత్రి, చర్చి, కూరగాయల కొట్టు, ఎయిర్‌పోర్టు. అంతే. సెలవు దొరికితే ఇండియా వెళ్ళేవారు. దొరక్కపోతే ఓవర్‌టైమ్ చేసేది.

రిటైరైన రెండో వారం లాయిడ్ భార్య బెర్నిస్ ఫోన్ చేసింది. “నువ్వు వెళ్ళిపోయినప్పట్నుంచీ మూతి ముడుచుకుని కూర్చుంటున్నాడు. ఒకసారి కాఫీకి రా” అంది.

అరోరా పట్నానికి పడమరగా, మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట వాళ్ళ ఇల్లు. కాఫీ అయ్యాక లాయిడ్ ఆమెను కొట్టం వెనక్కి తీసుకెళ్ళి నీలం టార్పాలిన్ లాగాడు.

“వచ్చే వారం తుక్కువాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. పోయేముందు నువ్వోసారి చూస్తావని.”

లోపల ఎలుకల కంపు. కార్పెట్ గుమ్మడిపండు రంగులో ఉండేదట; ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. కప్పు నిండా నీళ్ళు కారిన గోధుమరంగు మరకలు. కానీ విమలకుమారి ఒక సొరుగు లాగితే అది జారుగా వచ్చింది, తోస్తే టక్కున మూసుకుంది. బల్ల మడిస్తే మంచమైంది. మంచం కింద పెట్టె, పెట్టె పక్కన బూట్లకో అర. రెండు పొయ్యిల స్టవ్, దాని మీద మూత, మూత వేస్తే కూరలు తరుక్కునే చోటు. ఒక్క అంగుళం వృథా పోకుండా ఎవరో ఎంతో ఆలోచించి, వాడేవాళ్ళను మనసులో పెట్టుకుని చేసినట్టుంది. చక్కగా సర్దిన డ్రెస్సింగ్ ట్రేని చూస్తే ఆమెకు ఎప్పుడూ కలిగే గౌరవం అక్కడా కలిగింది.

“తుక్కువాళ్ళని రావద్దని చెప్పు. నేను చూస్తాను” అంది.

“ఏం చూస్తావు?”

“ముందు ఎక్కడ లీకవుతోందో చూస్తాను. మిగతాది తర్వాత.”

లీకులు వెతకడం ఆమెకు కొత్త కాదు. గొట్టాలు, పంపులు, ఫిల్టర్లు, ఎక్కడో సన్నగా చుక్క కారితే చెవిన పడే చప్పుడు - ఇన్నేళ్ళూ చేసింది అదే పని. బండి కప్పు ఎక్కి పాత సీలెంట్ గీకేసి కొత్తది పట్టించింది. పేషెంట్ల కాళ్ళ వాపు నొక్కి చూసినట్టు నేలంతా బొటనవేలితో నొక్కుతూ పోయి, మెత్తబడిన చెక్క ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టింది. డయాలిసిస్ లేని రోజుల్లో లాయిడ్ మడత కుర్చీ వేసుకుని పక్కన కూర్చునేవాడు. ఇంజిన్ సంగతి అతనిది. కార్బ్యురేటర్ విప్పించాడు, కడిగించాడు, మళ్ళీ బిగించేలోపు పదిసార్లు కేకలు వేశాడు.

“లాయిడ్, సెంటర్‌లో నువ్వు నా మాట విన్నావు. ఇక్కడ నేను నీ మాట వింటాను. కానీ అరిస్తే పానా కింద పెట్టి ఇంటికి పోతాను.”

అతను మెల్లగా, “ఎడమకి తిప్పు... ప్లీజ్” అన్నాడు. వంటింటి కిటికీలోంచి బెర్నిస్ నవ్వు వినిపించింది.

దైవాశీర్వాదంగారికి మొదట్లో ఇదంతా నచ్చలేదు. “విమలా, ఇది బండా, కోళ్ళగూడా? రిటైరయ్యాక మనుషులు విశ్రాంతి తీసుకుంటారు” అన్నారు. భోజనం క్యారియర్ తెచ్చిచ్చి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు లాయిడ్ బండి పక్కల చారలు దిద్దడానికి పసుపు రంగు డబ్బా తెప్పించాడు. ఆయన మూత తీసి చూసి ఊరుకోలేకపోయారు. “ఆ పసుపు ఇది కాదండీ. అందులో కాస్త ఎరుపు ఉంది, చూడండి” అంటూ చొక్కా చేతులు మడిచారు. ఆ చారల రంగు కలపడానికి ఆయనకు వారం పట్టింది. ఆ వారమంతా ఇంట్లో ఆయన పాటలు పాడుకుంటూ తిరిగారు.

మూడు వేసవులు అలా గడిచాయి. ఏటా చలికాలం మొదలయ్యే ముందు నీళ్ళ పైపులన్నీ ఖాళీ చేసి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవం ఎక్కించేవారు. వసంతంలో మళ్ళీ కడిగి, కుళాయి తిప్పి, ఎలుకలు రాలేదు కదా అని అరలన్నీ తెరిచి చూసేవారు. కర్టెన్లు ఆమె తన పాత వెంకటగిరి చీరలతో కుట్టింది. స్టవ్ మీద మొదటిసారి టీ కాచిన రోజు నలుగురూ ఆ చిన్న బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చుని తాగారు. డయాలిసిస్ వల్ల లాయిడ్‌ తాగే నీళ్ళకి కొలత ఉంది గనక అతనికి అరకప్పు.

అంతా బాగుంది గానీ నడిపేవాళ్ళు లేరు. లాయిడ్‌కి చూపు తగ్గింది. బెర్నిస్ కారే నడపదు. దైవాశీర్వాదంగారు ఒకసారి ధైర్యం చేసి సందు చివరి వరకూ తీసుకెళ్ళారు. వెనక్కి తిప్పుతుంటే పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్స్ నేలమట్టమైంది. దిగి, చెమట తుడుచుకుని, “నా వల్ల కాదు” అనేశారు. విమలకుమారి అసలు స్టీరింగ్ దగ్గరికే పోలేదు. హైవే మీద తన చిన్న కారులోనే, నెమ్మదిగా పోయేవాళ్ళ కుడివైపు లేన్ వదలని మనిషి ఆమె.

“సో ఇట్స్ ఎ మ్యూజియమ్, మమ్మీ” అంది పర్సిస్, పిల్లల్ని తీసుకొచ్చి చూపించినప్పుడు.

ఆ వేసవిలోనే బెర్నిస్ ఒక మాట చెప్పింది. వాళ్ళ అమ్మాయి కేరన్ ఉద్యోగం కోసం మిస్సోరి దాటాక వచ్చే బెంటన్‌విల్ వెళ్ళి ఆరేళ్ళయింది. అక్కడ ఇల్లు కొనుక్కుంది. తండ్రి ఆ ఇల్లు చూడనే లేదు. ప్రతి క్రిస్మస్‌కీ అమ్మాయే వస్తోంది.

“ఆ ఊళ్ళోనూ డయాలిసిస్ సెంటర్ ఉంటుందిగా. ముందుగా చెప్తే మనం ఉండే వారం రోజులకీ కుర్చీ ఇస్తారు. నేనే ఫోన్ చేస్తాను” అంది విమలకుమారి.

లాయిడ్ మొహం మాడిపోయింది. “కొత్తవాళ్ళెవరూ నా చేతికి సూది గుచ్చడానికి వీల్లేదు.”

ఆమెకు కారణం తెలుసు. ఒకప్పుడు ఆమె సెలవులో ఉండగా ఎవరో కొత్త నర్సు చేతిలో సూది రక్తనాళం దాటిపోయింది. చెయ్యి వాచి నల్లబడి నెలరోజులు నరకం చూశాడు. ఆమె రిటైరయ్యాక కూడా తనకు బాగా తెలిసిన ఇద్దరు నర్సుల్ని తప్ప దగ్గరికి రానివ్వడు.

“నేను పక్కనే ఉంటాను లాయిడ్. నువ్వు భయపడుతున్నావు, అంతే.”

“నువ్వు భయపడట్లేదా? మూడేళ్ళుగా ఈ బండిని కడుగుతున్నావు, తుడుస్తున్నావు. ఒక్కరోజైనా ఆ సీట్లో కూర్చున్నావా?”

విమలకుమారి చేతిలో గుడ్డను నాలుగు మడతలు పెట్టింది, విప్పింది. చివరికి తనే అంది, “సరే. నేను నడిపితే, నువ్వు చెయ్యి చాపుతావా?”

“చాపుతాను” అన్నాడు లాయిడ్.

పనిరోజుల్లో ఖాళీగా ఉండే చర్చి పార్కింగ్ లాట్‌లో ఆమె నేర్చుకుంది. లాయిడ్ పక్క సీట్లో. మొదటి రోజు ఇంజిన్ స్టార్ట్ చేసింది గానీ, బ్రేక్ మీంచి కాలు తియ్యలేదు.

“ఊపిరి పీల్చు. నెమ్మదిగా. ఇప్పుడు వదులు” అన్నాడు లాయిడ్.

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. సూది గుచ్చేముందు ప్రతిసారీ అతనితో తను అన్న మాటలే అవి. అదే నెమ్మది. ఇద్దరికీ నవ్వొచ్చింది. బండి కదిలింది.

రెండువేల పది సెప్టెంబరులో, ఒక శనివారం పొద్దున బయల్దేరారు. పాస్టర్‌గారు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. యాభై అయిదు దాటకుండా కుడి లేన్‌లోనే ఇల్లినాయ్ అంతా దాటారు. ట్రక్కులు హారన్ కొట్టుకుంటూ దాటిపోతే దైవాశీర్వాదంగారు మ్యాప్ ఒళ్ళో పెట్టుకుని, “పోనీ, పోనీ, వాళ్ళకి తొందర” అనేవారు. ఆ రాత్రి మిస్సోరిలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం కొండ ఎక్కుతుండగా ఇంజిన్ దగ్గి, గురగురమని ఆగిపోయింది. విమలకుమారి ఎలాగో పక్కకి తీసి ఆపింది.

“కంగారేం లేదు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయింది. ఇంజిన్‌కి అందట్లేదు. చల్లబరిస్తే అదే వస్తుంది” అన్నాడు లాయిడ్.

చల్లనిదేముంది? ఐస్‌పెట్టెలో మజ్జిగ సీసా చుట్టూ వేసిన ఐస్. దాన్ని తువ్వాల్లో మూటకట్టి లాయిడ్ చూపించిన చోట ఆమే ఆనించింది. అది చల్లారేదాకా చెట్టునీడన కూర్చుని అన్నాలు తిన్నారు. బెర్నిస్ గోంగూర రెండోసారి వేయించుకుంది. లాయిడ్ కూడా చెయ్యి చాపాడు గానీ, “పొటాషియం! నీ కిడ్నీలకు పడదు, వద్దు” అని విమలకుమారి గిన్నె లాగేసి, తెల్లన్నంలో కాస్త నెయ్యి వేసిచ్చింది. అతను సణుక్కుంటూనే పళ్ళెం ఖాళీ చేశాడు. తర్వాత తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంది.

చీకటి పడకముందే బెంటన్‌విల్ చేరారు. కేరన్ వాకిట్లోనే నిలబడి ఉంది. తను పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన పసుపు చారల బండి సందు మలుపు తిరిగి రావడం చూసి, రెండు చేతులతో నోరు మూసుకుని అలాగే ఉండిపోయింది. లాయిడ్ మెట్టు దిగి, ఇల్లంతా తిరిగి చూశాడు. గది గదికీ వెళ్ళి తలుపులు వేసి తీసి, “ఈ తలుపు బందులు బాగున్నాయి” అన్నాడు.

మర్నాడు అక్కడి సెంటర్‌లో అతని పక్కన నిలబడటానికి విమలకుమారికి అనుమతి ఇచ్చారు. నర్సు చిన్నపిల్ల. చేతిని తడిమి చూసి, తొందరపడకుండా చోటు ఎంచుకుంది. లాయిడ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“అయిపోయిందండీ” అంది ఆ అమ్మాయి.

“అయిపోయిందా?” అని కళ్ళు తెరిచాడు. తెలియనే లేదట.

విమలకుమారి మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. తన చెయ్యి లేకపోయినా జరిగిపోయింది. ఆ వెంటనే, ఆ క్షణం వెనకే, చాలా తేలిగ్గా అనిపించింది. ఆ అమ్మాయి భుజం తట్టి, “నీ చెయ్యి మంచిదమ్మా” అంది తెలుగులోనే. ఆ పిల్లకు అర్థమైనట్టే నవ్వింది.

తర్వాత రెండేళ్ళలో లాయిడ్ మరో మూడుసార్లు ప్రయాణం చేశాడు. ఒకసారి సుపీరియర్ సరస్సు దాకా. రెండువేల పన్నెండు డిసెంబరులో ఇంట్లోనే, నిద్రలోనే పోయాడు. బెర్నిస్ బండిని కొట్టం వెనకే ఉంచనిచ్చింది. లాయిడ్ కొత్త ఊరికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకొచ్చిన సంగతి సెంటర్‌లో అందరికీ తెలిసింది కనుక, ఇంకొందరు ధైర్యం చేసి అడిగారు. ఆమె ఫోన్లు చేసి కుర్చీలు మాట్లాడిపెట్టింది. ఇద్దరిని తనే తీసుకెళ్ళింది కూడా.

రెండువేల పధ్నాలుగులో, చర్చి కృతజ్ఞత కూడికలో దేవుడు తమకు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్తున్నారు. ఒకరు గ్రీన్‌కార్డు వచ్చిందన్నారు, ఒకరు కొడుక్కి సీటు వచ్చిందన్నారు. విమలకుమారి లేచి నిలబడింది. మైకులో ఎప్పుడూ మాట్లాడని మనిషి.

“నేను ఈ దేశంలో ముప్పై తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. అరవై దాటేదాకా దీన్ని చూడలేదు. నాకు చూపించినవాళ్ళు రోగులు. ఇంట్లోంచి కదల్లేనివాళ్ళు. నేను వాళ్ళకి సేవ చేశానని మీరంతా అంటారు. వాళ్ళు నాకేం చేశారో నాకు తెలుసు. అందుకు దేవునికి స్తోత్రం. నా పక్కన కూర్చుని మ్యాప్ చూసిన మా వారికి కూడా వందనాలు” అని కూర్చుంది.

దైవాశీర్వాదంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు బెంచీలో, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, బెర్నిస్ అందరికంటే ముందే చప్పట్లు కొట్టింది.