యాదమ్మ పేరుతో నాకొచ్చిన ఫోన్లు

ఇరవై ఏళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. ఫలానా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయంటే వెళ్లి, ఆ రాళ్లు విసిరే పక్కింటివాణ్ని చూసి వచ్చినవాణ్ని. దయ్యాలకూ, కలలో కనపడి చెప్పే పెద్దలకూ నా దగ్గర ఎప్పుడూ చోటు లేదు. ఇప్పుడూ లేదు. ఈ సంగతి ఏ అరలో పెట్టాలో తెలియకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. ఉప్పల్, నాచారం వైపు వార్తలు నేను చూసేవాణ్ని. రోజూ ధర్నా, రాస్తారోకో, లేకపోతే బంద్. ఒళ్లు అలిసిపోయి ఉండేది. ఆ మధ్యలో నాచారంలో ఒక బస్తీ ఆరోగ్య కేంద్రానికి కంప్యూటర్ వచ్చిందంటే చూడ్డానికి వెళ్లాను. గర్భిణుల వివరాలు అందులో ఎక్కిస్తే, పరీక్ష తేదీకి రెండు రోజుల ముందు రికార్డు చేసిన గొంతు వాళ్ల ఫోన్‌కు కబురు చెబుతుంది. అదీ ఏర్పాటు.

నేను వెళ్లేసరికి సుజాత అనే నర్సు ఒక గర్భిణి వివరాలు కాగితం మీద రాసుకుంటోంది. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించే అమ్మాయి ఆ రోజు కనపడలేదు. ఆ గర్భిణి పేరు యాదమ్మ. ఆలేరు వైపు నుంచి వచ్చి, ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో పనిచేస్తోంది. మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. ఇది రెండోది. చేతిలో ఫోన్ లేదు. భర్త లారీ క్లీనరు.

"మీ ఆయన నంబరన్న చెప్పరాదు?"

"ఏ నంబరని చెప్పాలె నర్సమ్మా? ఫ్రీ బ్యాలెన్సు ఇస్తున్నరంటె వారానికో సిమ్ము మారుస్తడు."

నంబరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు కదలదట. ఫోన్ లేనివాళ్లకు సుజాత తన నంబరే రాస్తూ వచ్చింది. పదిమంది దాటాక కంప్యూటర్ దాన్ని తీసుకోవడం మానేసింది. ఆ వైపు వార్తలకు తిరిగే నన్ను ఎరిగిన సుజాత నావైపు చూసింది.

"అన్నా, నీది రాయనా? నీ ఇల్లు గూడ గీడనే గద."

రాసుకోమన్నాను.

కొద్దిరోజులకు మొదటి ఫోన్ వచ్చింది. "యాదమ్మ గారూ, ఎల్లుండి మీ పరీక్ష తేదీ." ఆమె గల్లీ మా ఇంటి దారిలోనే ఉంది. స్కూటర్ ఆపి చెప్పి వెళ్లాను. నెలకొకటి చొప్పున నాలుగు ఫోన్లు వచ్చాయి. నాలుగుసార్లూ తేదీ, కేంద్రంలో ఇచ్చిన ఆమె కార్డు మీద ఉన్నదానితో సరిపోయింది. నేను కనపడితే పక్కింటి ముసలామె నవ్వేది. "మొగనికంటె ఈయనకే ఫికరెక్కువున్నదే యాదీ!"

అయిదో ఫోన్ ఒక బంద్ రోజున వచ్చింది. పొద్దున అయిదింటి నుంచీ ఉప్పల్ చౌరస్తాలో నిలబడి ఉన్నాను. పదకొండు కావస్తోంది. అదే గొంతు. కానీ ఈసారి "ఎల్లుండి" అనలేదు. "యాదమ్మ గారూ, మీరు ఈ రోజే కేంద్రానికి రావాలి" అంది. అంతే, పెట్టేసింది.

యంత్రం పొరపాటు అనుకున్నాను. బంద్ నాడు కేంద్రం ఎవరు తెరుస్తారు? జాలిపడి వెళ్లానని చెప్పుకోను. ఎలాగూ ఇంటికి పోతున్నాను, దారిలో ఆగానంతే.

యాదమ్మ గడపలో కూర్చుని ఉంది. నేను చెప్పింది విని నవ్వింది.

"ఏందన్నా, నీ ఫోనుకు గిట్ల పిచ్చి లేసిందా? నా తారీఖు ఇంక తొమ్మిది దినాలుంది. సూడు, కార్డు."

కార్డులో అలాగే ఉంది. సరే అని స్కూటర్ తిప్పుకుంటుంటే పక్కింటి ముసలామె లోపలినుంచి అరిచింది. "రాత్రి సంది తలకాయ పగులుతుందంటివి గద, పోయి సూపిచ్చుకో. ఎండకు అనుకుంట పంటవా?"

అప్పుడు ఆమె కాళ్లు చూశాను. చెప్పుల పట్టీ చుట్టూ చర్మం ఉబ్బి ఉంది. స్కూటర్ ఎక్కమన్నాను.

సుజాత ఇల్లు దగ్గరే కాబట్టి కేంద్రం ఒక తలుపు తెరిచి కూర్చుంది. మమ్మల్ని చూడగానే, "ఇయ్యాల నిన్నెవరు రమ్మన్నరే?" అంది. యాదమ్మ నావైపు వేలు చూపింది. సుజాత బీపీ చూసింది. చేతి పట్టీ విప్పి, మళ్లీ కట్టి చూసింది. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. పై అంకె నూట ఎనభై దాటింది. ఫిట్స్ వచ్చి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఒక మంచి వార్త రాయొచ్చనుకున్నాను. పేదరాలి ప్రాణం నిలిపిన కంప్యూటర్. వివరాల కోసం కేంద్రానికి వెళ్లాను.

కంప్యూటర్ దగ్గర కొత్తమ్మాయి ఉంది. యాదమ్మ పేరు వెతికింది. లేదు. నా నంబరు వెతికింది. లేదు. ముందున్న అమ్మాయి కాంట్రాక్టు అయిపోయి, నేను నంబరు ఇచ్చిన రోజుకు ముందే వెళ్లిపోయిందట. అయిదు నెలలుగా ఎవరూ ఏదీ ఎక్కించలేదు. సుజాత రాసిన కాగితాలన్నీ మందుల అట్టపెట్టెలో ఉన్నాయి. యాదమ్మ కాగితం అందులోనే దొరికింది. కంప్యూటర్‌లోకి ఎక్కిన ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో ఒక నంబరు వేస్తారు. దాని మీద ఏమీ లేదు.

జిల్లా ఆఫీసులో తెలిసిన మనిషి చేత చూపించాను. ఆయనకూ కనపడలేదు. ఇంకో యాదమ్మ నంబరులో ఒక అంకె తప్పుపడి నాకొచ్చిందేమోనని కూడా ఆలోచించాను. అలాగైతే అయిదు నెలలు ఈమె తేదీలే ఎందుకు చెబుతుంది? నాకొచ్చిన ఫోన్ల నంబరు సుజాత ఫోన్‌లోనూ ఉంది. ఆ పదిమంది కోసం ఆమెకు వచ్చేది అక్కడినుంచే. "ఎల్లుండి అంటది గని, ఈ రోజే రా అని ఎన్నడూ అనలేదన్నా" అంది సుజాత.

అట్టపెట్టె నేల మీద బోర్లించి ముగ్గురం కాగితాలు సర్దడం మొదలుపెట్టాం. చాలామంది తేదీలు దాటిపోయాయి. సుజాత ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. దాని మీదా ఎర్ర నంబరు లేదు.

"ఈమె మల్లాపూర్ మనిషి. పోయిన నెల ఫిట్స్ వచ్చి పోయింది. ఎనిమిదో నెల." కాగితం మీద ఫోన్ నంబరు చూపించింది. "ఈమెకు ఫోనుండె అన్నా. సొంత నంబరే రాయించింది."

నేననుకున్న వార్త రాయలేదు. అట్టపెట్టె గురించి రాశాను. లోపలి పేజీలో, ఒక మూలన వచ్చింది.

నా ఫోన్‌కు ఆ కబుర్లు ఎవరు పంపారో, ఆ రోజే రమ్మని ఎలా చెప్పారో ఈనాటికీ నాకు తెలియదు. మల్లాపూర్ ఆమెకు ఎందుకు రాలేదో తెలుసు.