యాకూబ్ మియా నడక

చార్మినార్ వెనక సందులో, కిటికీ లేని గదిలో, యాకూబ్ మియా, ఆయన భార్య షౌకత్ బీ పెళ్లయిన నాటి నుంచీ లక్క గాజులు చేశారు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తగా ఉన్నంతసేపే గాజు వంగుతుంది. తలుపు తీస్తే గాలికి బిగుసుకుపోతుంది. అందుకని తలుపు మూసుకుని, పొగలో ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే.

యాకూబ్ మియాకు ఆయాసం మొదలైనప్పుడు, పొద్దునా సాయంత్రం బయట నడవమన్నాడు డాక్టరు. ఆ మాటను షౌకత్ బీ గట్టిగా పట్టుకుంది. ఆయన బద్ధకిస్తే చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేసేది.

"నువ్వు గూడ రా," అన్నాడొకసారి.

"ఇద్దరం పోతే లక్క ఎవరు చూస్తరు జీ? మీరు పోయి రాండి."

ఆయనకు అది సబబుగానే తోచింది. తోచదూ మరి, నడక ఆయనది. హైకోర్టు దాకా వెళ్లి, చెట్ల కింద గాలి పీల్చుకుని, తేలికపడిన ఒంటితో తిరిగొచ్చేవాడు. ఆమె దగ్గుతూ బొగ్గుల మీద విసనకర్రతో విసురుతుండేది.

ఆ దగ్గుతోనే పోయిన చలికాలం ఆమె కన్నుమూసింది.

మొన్న అదే డాక్టరు ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "మస్తు మంచిగుంది చాచా. నడక మాత్రం ఇడువకుండ్రి."

మర్నాడు పొద్దున యాకూబ్ మియా చెప్పులు తనే తెచ్చుకుని గడపలో నిలబడ్డాడు. వెనక కుంపటి రాజుకుంటోంది. పోయి రమ్మనే మాట వినిపించలేదు. చెప్పులు మూలన పెట్టి, తలుపు మూసి, ఆమె పీట మీద కూర్చున్నాడు.