మా వీధికి వెదురు కంచెలు కట్టిన రోజులు

రంగూన్‌లో జనం సర్కారు మీద తిరగబడిన ఏడు నాకు కొత్తగా పెళ్లయింది. మా ఆయనకు ఊరికి దూరంగా ఇన్సేన్ రైలు కార్ఖానాలో పని. కాపురం ఊరి నడుమ లమ్మడా పేటలో, ఇరుకు మెట్ల మూడో అంతస్తులో. ఒకరోజు పనికి వెళ్తూ ఆయన చెప్పాడు:

"తలుపు తియ్యకు. ఎవులు పిలిసినా పలక్కు. సందేళకి నానొచ్చెస్తాను."

ఆ సాయంత్రానికి రైళ్లూ బస్సులూ ఆగిపోయాయి. ఆయన రాలేదు.

నేను తలుపు తియ్యలేదు. దూరంగా కాల్పులు వినిపిస్తే వంటగది గోడకానుకుని కూర్చునేదాన్ని. అలవాటుగా ఇద్దరికీ వండి, మిగిలింది మర్నాడు చల్దిగా తినేదాన్ని. మాట్లాడే మనిషి లేక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. జైలు తలుపులు తెరిచేశారట, దొంగలు ఊళ్లో పడ్డారట అని కింద అరుచుకునేవారు. వీధివాళ్లంతా కలిసి రెండు కొసలా వెదురు కంచెలు కట్టి కాపలా కాయసాగారు. కిటికీలోంచి చూశానే గాని దిగలేదు.

ఒక మధ్యాహ్నం కుళాయి ఎండిపోతే బిందె పట్టుకుని పక్క వీధి బావికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కంచె దగ్గర కర్రలు పట్టుకున్న మగవాళ్లు అడ్డం నిలబడ్డారు. నీళ్లలో విషం కలుపుతున్నారన్న పుకారు అప్పటికే పాకింది.

"ఏ ఇల్లు?" అని బర్మా భాషలో అడిగారు. చెప్పాను.

"ఆ గదిలో ఎవరూ ఉండరే. ఎప్పుడూ మూసే ఉంటుంది," అన్నాడొకాయన.

బిందెలోంచి పుడిసెడు నీళ్లు తీసి వాళ్ల ముందే తాగాను. అయినా కదలలేదు.

అప్పుడు మా కింద, మొదటి అంతస్తు బాల్కనీలోంచి, బుగ్గలకి తనాకా గంధం పూసుకున్న బర్మా ముసలామె కేకేసింది.

"వదలండయ్యా, మనింటి పిల్లే! పొద్దున్నే పూలకుండీకి నీళ్లు పోసి నేను ఆరేసిన బట్టలన్నీ తడుపుతుంది. రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను!"

నవ్వి, దారి ఇచ్చారు.

ఆమె గుమ్మం దగ్గర ఆగి, "తప్పయింది, అమే," అన్నాను. వాళ్లు తల్లిని అలాగే పిలుస్తారు.

"తడిసినవి ఆరతాయిలే. కూర్చో," అంటూ టీ పోసింది. ఊరేగింపుకి వెళ్లిన కొడుకు ఇంకా ఇల్లు చేరలేదని చెప్పింది. ఆనాటి నుంచి పగలంతా ఆ బాల్కనీలోనే గడిపాను. ఇద్దరం ఒకే దారి వైపు చూసేవాళ్లం.

చివరికి ఒక పొద్దున మా ఆయన ఇన్సేన్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు. పైకెళ్లి చూసి, గాభరాగా కిందికి దిగి నన్ను చూశాడు.

"ఏటే, ఇక్కడున్నావేటి? తాళం సూసి పేణం పోయింది నాకు!"

ఏడుస్తూ లేచాను. ముసలామె నా చెయ్యి నొక్కి, "వెళ్లమ్మా, అన్నం పెట్టు," అంది.

కంచెలు పీకేశారు. రైళ్లు తిరిగాయి. ఆమె కొడుకు మాత్రం రాలేదు. నేను రోజూ వెళ్లేదాన్ని, ఆమె టీ పోసేది, తాగి లేచొచ్చేసేదాన్ని. కానీ నా మనిషి తిరిగొచ్చాక, ఆ దారి వైపు చూస్తూ ఆమె పక్కన కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు.