బొచ్చె తల

నిజాం కాలంలో, పంతొమ్మిది వందల నలభైల్లో మా అన్న వరంగల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. కాలేజీలో ఉర్దూలో, ఇంట్లో తెలుగులో. ఆయనకు ఇష్టమైన విషయం పాతకాలపు చేపలకు దవడలు వచ్చిన తీరు. ఆ చేపలు నశించి కోట్ల ఏళ్లయింది కనుక వర్ధన్నపేట వైపు చెరువుల్లో దొరికే బొచ్చె చేపలతో సర్దుకునేవాడు.

ఆయన చెప్పేది ఇంతే. మొట్టమొదటి చేపలకు దవడలు లేవు. మొప్పలను మోసే ఎముక కమ్ముల్లో ముందున్న జత వంగి దవడలయింది. ఆ తర్వాత చాలాకాలం పైదవడ పుర్రెకు బిగుసుకునే ఉంది. నోరు పెద్దగా తెరవాలంటే చేప తలనే పైకెత్తాల్సి వచ్చేది. బొచ్చె నాటికి పైదవడ వదులైంది. కింది దవడ దిగితే పై పెదవి ముందుకు జారుతుంది, నీళ్లతో పాటు తిండి లోపలికి వస్తుంది. ఇది చూపించాలంటే తల పగలకూడదు. అందుకని వదిన చేప తలను ముక్కలు కొట్టకుండా వండేది.

అన్న జ్వరంతో పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి చెరువు గట్టుకు వెళ్లాం. పోయినవారికి ఇష్టమైనవి వండి పెడితే కాకి వచ్చి తినాలి. తింటే పోయినవారికి తృప్తి. అప్పటిదాకా తిననని వదిన పట్టుబట్టింది. ఆయన పోయినప్పటి నుంచి మంచినీళ్లే. నడుస్తుంటే తూలుతోంది. అన్నకు తృప్తి కలిగిందో లేదో తెలుసుకునే మార్గం నాకు తెలియదు. వదిన తినాలి, అంతే.

మోదుగాకు విస్తరిలో అన్నం, పులుసు, పైన చేప తల పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది. అన్నం వదిలేసి చేప కింది పెదవిని పట్టి లాగింది. ఉడికిన తల నోరు తెరిచింది. పై పెదవి ముందుకొచ్చింది. కాకి ఎగిరిపోయింది.

"ముట్టింది," అన్నాను.

"యాడ ముట్టిందిరా? బెదిరి పోయింది," అంది మా మేనత్త. "అసొంటి తల ఎవలన్న పెడ్తరా?"

"పొడిసింది గదత్తా."

"పొడుసుడు వేరు, తినుడు వేరు. గంత సదువుకున్నవ్, గదీ తెల్వదా?"

"పైదౌడ వదులుంటదత్తమ్మా, అట్లనే జరుగుతది," అంది వదిన.

"ఇగ వీనికి తోడు నువ్వొకదానివి."

కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి. ఎండ ఎక్కింది.

"వదినెను మంచిగ సూసుకుంటనని మీ అన్నకు చెప్పురా. గప్పుడన్న వస్తడేమో," అంది మేనత్త.

చెప్పాను. కాకులకు వినపడినట్టు లేదు.

వదిన విస్తరి దగ్గరికి వెళ్లి కూర్చుంది. తలను రెండు చేతులా పట్టుకుని దవడ కీలు దగ్గర విరిచింది. చెంప కండ తీసి అన్నం మీద పెట్టింది. ఆమె మా దగ్గరికి తిరిగి వచ్చేలోగా రెండు కాకులు దిగి తినసాగాయి.

"ఆఁ, గిప్పుడు ముట్టింది," అంది మేనత్త.

వదిన చెరువులో చేతులు కడుక్కుంది. గట్టుమీదే ఆమెకు అన్నం పెట్టాం. తిన్నది. ఇంకొంచెం పెట్టమంది.